ఉత్తరం బాల్కనీలో జువ్వి బోన్సాయ్‌కి గ్రో లైట్: కొన్ని చలికాలాలు వాడాక నా అభిప్రాయం

విజయవాడలో ఉంటూ బోన్సాయ్‌కి, అంటే కుండీలో పొట్టిగా పెంచే చెట్టుకి, ఎండకి బదులు గ్రో లైట్ ఏంటని అందరూ అడుగుతారు. ఊళ్లో ఎండ ఉంటే చాలదు, అది బాల్కనీలోకి రావాలి. మాది పటమటలో ఉత్తరం వైపు ఫ్లాట్. దసరా టైముకి సూర్యుడు దక్షిణానికి జరిగాడంటే మళ్లీ ఉగాది దాకా మా కుండీల మీద నేరుగా ఎండ పడదు, పైగా ఎదురు అపార్ట్‌మెంట్ నీడ ఒకటి. చలి గురించైతే టెన్షన్ అక్కర్లేదు. సంక్రాంతి రోజుల్లో కూడా మన రాత్రుళ్లు జువ్వినీ జేడ్ మొక్కనీ ఇబ్బంది పెట్టేంత చల్లగా ఉండవు. ఇబ్బందంతా వెలుతురుతోనే.

నాది 40 వాట్ల తెల్ల ఎల్ఈడీ ప్యానెల్. డబ్బా మీద 'వెయ్యి వాట్లకి సమానం' లాంటి మాటలు వదిలేసి, అసలు ఎన్ని వాట్లు లాగుతుందో చూసి కొనండి. ఊదారంగు లైట్ల కింద కూడా చెట్టు పెరుగుతుంది, కానీ ఆ రంగులో ఆకు పసుపెక్కిందో పిండినల్లి పట్టిందో కనిపించి చావదు. తెల్ల లైట్‌లోనూ చెట్టుకి కావాల్సిన ఎరుపు, నీలం ఉంటాయి.

తేడా ఎక్కడ తెలిసిందంటే కణుపుల దగ్గర. లైట్ లేనప్పుడు జువ్వి చిగురు వెలుతురు కోసం సాగిపోయేది, కణుపుకీ కణుపుకీ మధ్య రెండు వేళ్లు పట్టేంత ఎడం, ఆకులు పెద్దవిగా పల్చగా వేలాడుతూ. లైట్ పెట్టాక అదే కొమ్మ మీద కణుపులు దగ్గర దగ్గరగా వస్తున్నాయి, చిగురు చుట్టూ ఉండే సన్నటి తొడుగు ఊడిపోయి బయటికొచ్చే ఆకు చిన్నగా, మందంగా, నిగనిగలాడుతూ ఉంటోంది. బోన్సాయ్‌లో ఇది చాలా పెద్ద విషయం, ఎందుకంటే ఒకసారి సాగిన కణుపుని కత్తిరించి మళ్లీ పెంచుకోవడమే గానీ పొట్టి చేయలేం.

ఎత్తు మాత్రం జాగ్రత్త. చెట్టు కొసకి జానెడు పైన వేలాడదీస్తే ఫోన్ యాప్‌లో 15 వేల లక్స్ (వెలుతురుని కొలిచే లెక్క) దరిదాపుల్లో చూపిస్తోంది, మూరెడు ఎత్తుకి పెంచితే 5 వేలకి పడిపోతోంది. మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ ఉంటుంది కాబట్టి మనం గంటలతో సరిపెట్టాలి. నేను పొద్దున 6 నుంచి సాయంత్రం 6 దాకా వేస్తాను. రాత్రి ఆర్పేయండి, చెట్టుకి చీకటి కూడా కావాలి. కరెంటు రోజుకి అర యూనిట్, నెలకి 14, 15 యూనిట్లు.

నచ్చనిది వైరుకున్న టైమర్. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అప్పటినుంచి మళ్లీ 12 గంటలు లెక్కపెట్టేది, అంటే మధ్యాహ్నం కరెంటు పోతే అర్ధరాత్రి దాకా లైట్ వెలుగుతూనే ఉండేది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ విడిగా కొన్నాక ఆ గొడవ పోయింది. ప్యానెల్‌తో వచ్చిన క్లిప్ కూడా వంగిపోతోంది, గొలుసుతో పైనుంచి వేలాడదీయడం మేలు.

నీళ్ల విషయంలో లెక్కలు పెట్టుకోకండి, వేలు మట్టిలోకి గుచ్చి పై పొర ఆరితేనే పొద్దునపూట పోయండి. లైట్ కింద పైన త్వరగా ఆరుతుంది, అడుగున మాత్రం చలికాలంలో తడి నిలిచి వేరు కుళ్లుతుంది. వారానికోసారి ఆకు వెనక్కి తిప్పి ఎర్రనల్లి ఉందేమో చూడండి, ఉంటే లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి లైట్ ఆర్పేశాక కొట్టండి. ట్రే మార్చడం, వేర్లు కత్తిరించడం లాంటివి ఎండలు ముదిరే దాకా ఆపండి.

మేడ మీద చోటుంటే ఈ లైట్ కొనొద్దు. కాగితంపూల చెట్టు, అడీనియం అక్కడే హాయిగా ఉంటాయి, అడీనియంకి నీళ్లు తగ్గిస్తే చాలు. జునిపర్‌ని (చలి ప్రాంతాల చెట్టు) బతికించుకోవడానికి లైట్ కొందామనుకునేవాళ్లు కూడా ఆగండి. దానికి బయటి గాలి, ఎండ, అసలైన చలికాలపు విశ్రాంతి కావాలి, అవి ఏ ప్యానెలూ ఇవ్వదు. ఆ డబ్బుతో ఒక మంచి జువ్వో మర్రో తెచ్చుకోండి.