పల్చటి రేకుకి మిగ్ మెషిన్: పాత కార్ల ప్యాచ్‌ల మీద చాలాకాలం వాడాక

సింగిల్ ఫేజ్ మీద నడిచే 200 ఆంప్స్ ఇన్వర్టర్ మిగ్ వెల్డింగ్ మెషిన్ ఇది. మిగ్ అంటే చుట్టలోంచి వైరు దానంతటదే వస్తూ, గ్యాస్ చాటున కరిగి రేకుని అతికే పద్ధతి. చెన్నైలో మా షెడ్డుకి వచ్చే పద్మిని డోర్ల అడుగులు, అంబాసిడర్ సిల్స్ (డోర్ల కింద పొడుగునా ఉండే పట్టీలు), ఫ్లోర్లు, ఈ ఊళ్లోనే తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ రేకు పని, అన్నీ దీని మీదే చేశాం. సిల్స్‌కీ ఫ్లోర్లకీ కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. డోర్ మధ్యలోనో బానెట్ మీదో, వెడల్పుగా పైకి కనబడే రేకుకి మాత్రం వద్దు.

ముందు వైరు సంగతి. మెషిన్‌తో 0.8 మి.మీ. వైరుకి సరిపోయే రోలర్ (వైరుని ముందుకు నెట్టేది), టిప్ (వైరు బయటికొచ్చే కొస) వచ్చాయి. పాత కారు రేకు చాలాచోట్ల 20 గేజ్, అంటే 0.9 మి.మీ.; తుప్పు గీకాక ఇంకా పల్చబడుతుంది. 0.8 వైరు కరగడానికి కావలసిన వేడికి ఆ అంచు నిలవదు, చిల్లు పడుతుంది. రోలర్, టిప్‌తో సహా 0.6కి మారాకే ఈ మెషిన్ పనితనం బయటపడింది. 40-50 ఆంప్స్, 15 వోల్టుల దగ్గర మొదలుపెట్టి, అదే మందం తుక్కు రేకు మీద సరిచూసుకోవాలి. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు ఒకే తీరుగా శబ్దం వస్తే సెట్టింగ్ కుదిరినట్టే. టార్చ్, అంటే వైరు బయటికొచ్చే పిడి, చేతిని వెనక్కి తంతుంటే వైరు వేగం ఎక్కువ. వైరు కొస ముద్దకట్టి టిప్‌కి అంటుకుంటుంటే తక్కువ.

గ్యాస్ దగ్గర పిసినారితనం పనికిరాదు. ఒట్టి కార్బన్ డయాక్సైడ్ చవకే కానీ లోతుగా కాలుస్తుంది, చిందులూ ఎక్కువ. పల్చటి రేకుకి 80 పాళ్లు ఆర్గాన్, 20 పాళ్లు కార్బన్ డయాక్సైడ్ కలిపిన సిలిండరే వాడాలి. నిమిషానికి 8-10 లీటర్లు చాలు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక తెరిచి ఉన్న షెడ్డులో వెల్డ్ నిండా సూది బెజ్జాలు పడతాయి. అప్పుడు గ్యాస్ పెంచితే సుడి తిరిగి బయటి గాలిని ఇంకా లోపలికి లాగుతుంది. గాలి వచ్చే వైపు అడ్డం పెట్టడమే మందు. లోపల మందు నింపి ఉండటంతో గ్యాస్ అక్కర్లేని ఫ్లక్స్ వైరు కూడా ఇందులో నడుస్తుంది కానీ, బాడీ రేకుకి దాని వేడి ఎక్కువ.

మెషిన్ ఎంత మంచిదైనా ప్యాచ్ సరిగా కూర్చోకపోతే పని చెడుతుంది. తుప్పు కనబడే చోటుకి ఇంకో 20-25 మి.మీ. అవతల, గట్టి రేకు దొరికేదాకా కోయాలి. మూలలు గుండ్రంగా ఉండాలి. కోసుగా ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది. అట్టతో నమూనా తీసి, అదే మందం సీఆర్ (కోల్డ్ రోల్డ్) ఉక్కు షీట్‌ని ఇసుక సంచి మీద చెక్క సుత్తితో వంపు తిప్పి, డాలీ (సుత్తి దెబ్బకి వెనక ఆనించే ఇనుప దిమ్మ) మీద నున్నగా చేసుకోవాలి. చేత్తో అదిమితేనే కూర్చునే ప్యాచ్‌ని మళ్లీ వంచాలి. అలాగే వెల్డ్ చేస్తే చుట్టూ ఉన్న రేకుని కూడా లాగేస్తుంది. అంచుకీ అంచుకీ మధ్య వైరు మందమంత సందు చాలు. ఒకదాని మీద ఒకటి ఎక్కించి అతికితే మధ్యలో చెమ్మ నిలుస్తుంది, ఈ ఊరి ఉప్పుగాలికి లోపలి నుంచి తినేస్తుంది.

టాక్‌లు (ప్యాచ్‌ని నిలిపే చుక్క వెల్డ్‌లు) 30-40 మి.మీ. దూరంలో, ఒక్కోటి సెకను లోపే. ఒకటి ఇటు వేస్తే తరవాతది ఎదుటి వైపు. వట్టి చెయ్యి ఆనించగలిగినంత చల్లారాకే మధ్యలోవి నింపాలి. చిల్లు పడితే వెనక రాగి పలక ఆనించి పూడ్చండి. వెల్డ్ రాగికి అతుక్కోదు.

ఇక బానెట్‌కి ఎందుకు వద్దన్నానంటే, వెల్డ్ చల్లారుతూ ముడుచుకుంటుంది, అతుకు వెంట రేకు లోపలికి దిగుతుంది. వెనక డాలీ పెట్టి అతుకునే కొట్టి సాగదీస్తే తప్ప అది లేవదు. మామూలుగా దొరికే ఈఆర్70ఎస్-6 మిగ్ వైరులో మాంగనీసు, సిలికాన్ ఉంటాయి, పైగా వెల్డ్ చప్పున చల్లారుతుంది. దాంతో అతుకు గట్టిపడి సుత్తికి లొంగదు, ఒక్కోసారి పగులుతుంది. టిగ్ (కరగని టంగ్‌స్టన్ కడ్డీతో చేసే వెల్డింగ్) అతుకు గానీ, పాత టింకర్లు చేసే గ్యాస్ వెల్డింగ్ అతుకు గానీ మెత్తగా సాగుతుంది. పైకి కనబడే రేకుకి ఆ రెండిట్లో ఒకటే. లేదంటే ఆ గుంటని పుట్టీతో నింపాల్సి వస్తుంది, మందంగా వేసిన పుట్టీ ఎన్నాళ్లో నిలవదు.

మెషిన్‌లో లోపాలూ ఉన్నాయి. రేకుకి తగిలించే ఎర్త్ క్లాంప్ స్ప్రింగ్ నాసిరకం, మార్చక తప్పలేదు. పొడుగాటి సన్నటి ఎక్స్‌టెన్షన్ వైరు మీద వోల్టేజ్ పడిపోయి ఆర్క్ తడబడుతుంది. వైరు చుట్టని మెషిన్‌లోనే వదిలేస్తే వానాకాలంలో తుప్పు పట్టి, ఆ పొడి లైనర్‌లో (టార్చ్ దాకా వైరు నడిచే గొట్టంలో) చేరి వైరు ఆగి ఆగి వస్తుంది. పని అయ్యాక చుట్ట తీసి సిలికా జెల్‌తో ప్లాస్టిక్ సంచిలో పెట్టాలి.

బ్యాటరీ వైర్లు విప్పాకే టార్చ్ ముట్టుకోవాలి. వెనక భాగం పనైతే పెట్రోల్ ట్యాంక్ దింపేయాలి. ఖాళీ ట్యాంక్‌లోని ఆవిరి ఇంకా ప్రమాదం. గ్రైండింగ్‌లో రేకు నీలం తిరిగితే వెంటనే ఆపాలి, ఆ వేడికీ వంకర పోతుంది. చివర్లో అతుకు వెనకవైపు కూడా ఎపాక్సీ ప్రైమర్ పట్టించి, డోర్ అడుగున నీళ్లు పోయే బెజ్జాలు సీలర్‌తో మూసుకుపోలేదని పుల్ల పెట్టి చూసుకోండి.