ఉచిత అభిషేక తైలం తెప్పించుకుంటున్నారా? డబ్బు పంపే ముందు ఇది చదవండి

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. టీవీలోనో యూట్యూబ్‌లోనో వాక్యం విని, కింద కనిపించే నంబరుకు ఫోన్ చేసి అభిషేక తైలం తెప్పించుకునేవాళ్లు మన సంఘాల్లో చాలామందే ఉన్నారు. మా పిన్ని కూడా తెప్పించుకుంది. ఆ పరిచర్య పేరు రాయను. పద్ధతి చెబితే మీరే గుర్తుపడతారు.

తైలం ఉచితమే అన్నారు. పోస్టులో చిన్న సీసా, ప్రార్థన చేసిన చేతిరుమాలు, కానుక కవరు వచ్చాయి. వారం తిరక్కుండానే ఫోన్. "అమ్మా, మీ పేరు పెట్టి ప్రార్థిస్తుంటే దైవజనులకు దేవుడు ఒక సంఖ్య బయలుపరిచాడు. ఐదు వేలు విత్తండి, నూరంతలు కోస్తారు." విత్తడమంటే వాళ్ల భాషలో డబ్బు పంపడం. పిన్నికి షుగరు, కాలికి పుండు. పంపింది. పుండు మానలేదు. అడిగితే, "ఇంకా ఇన్సులిన్ మీదే ఆనుకుంటున్నారు కదమ్మా, సందేహం ఉన్నచోట అద్భుతం జరగదు" అన్నారు. ఆమె ఇన్సులిన్ మానేసింది. చివరికి ఆసుపత్రిలో బొటనవేలు తీసేశారు. ఆ సంగతి చెప్పినా, అవతల మనిషి ఇంకా పెద్ద విత్తనం గురించే మాట్లాడాడు.

ఈ వ్యాపారంలో ఉన్న విషం ఇదే. నయమైతే మహిమ ఆ తైలానిది, నయం కాకపోతే తప్పు మీ విశ్వాసానిది. అమ్మేవాడికి ఏ రోజూ నష్టం రాదు. పిన్ని ఐదు వేలకు ఏడవలేదు, దేవుడు తనను కాదన్నాడేమోనని ఏడ్చింది. వాళ్ల మీద నాకు కోపం అందుకే.

నూనె రాసి ప్రార్థించడం తప్పని నేననడం లేదు. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలోనే ఉంది. అక్కడ రోగి సంఘపు పెద్దలను పిలిపించుకుంటాడు, వాళ్లు ఇంటికొచ్చి నూనె రాచి ప్రార్థిస్తారు. రేటు లేదు, కొరియర్ లేదు. కుష్ఠు నయమైన నయమాను కానుక తెస్తే ఎలీషా ప్రవక్త ముట్టుకోలేదు. వెనక పరుగెత్తి పుచ్చుకున్న ఆయన సేవకుడు గేహజీకి కుష్ఠు వచ్చింది. సమరయలో సీమోను దేవుని వరాన్ని కొనాలని డబ్బు చూపిస్తే పేతురు "నీ వెండి నీతోకూడ నశించునుగాక" అన్నాడు.

వాళ్లు ఎక్కువగా చూపే వాక్యం 2 కొరింథీ 9:6, "కొంచెముగా విత్తువాడు కొంచెముగా పంటకోయును" అన్నది. దయచేసి 8వ అధ్యాయం నుంచి చదవండి. ఆ చందా యెరూషలేములోని బీద విశ్వాసుల కోసం. దాని విషయంలో ఎవరూ తన మీద తప్పు మోపకుండా పౌలు నమ్మకమైన సహోదరులను వెంట పంపుతున్నాడు. తర్వాతి వచనంలోనే "బలవంతముగా కాకయు" అనీ ఉంది. నూరంతల వాగ్దానం ఉన్న మార్కు 10:30లో హింసలు కూడా ఉన్నాయి. ఆ సగం ఏ ప్రోగ్రాములోనూ వినిపించదు. పౌలు తన సహచరుడు త్రోఫిమును మిలేతులో రోగిగానే వదిలి వచ్చాడు. తిమోతికి కడుపు జబ్బుకు కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు, విత్తనం వేయమనలేదు.

ఈ విత్తన బోధ అమెరికా సరుకు. దాన్ని బాగా ప్రచారం చేసిన టీవీ బోధకుడు ఓరల్ రాబర్ట్స్ 1987లో, 80 లక్షల డాలర్లు రాకపోతే దేవుడు తనను తీసుకుపోతాడని టీవీలో చెప్పాడు. అక్కడి మరో టీవీ బోధకుడు పీటర్ పాపాఫ్ సంగతి మరీ ఘోరం. జనం ప్రార్థన చీటీల్లో రాసిచ్చిన వివరాలను భార్య వైర్‌లెస్‌లో చదువుతుంటే, చెవిలో వింటూ దేవుడు బయలుపరిచినట్టు వేదిక మీద చెప్పేవాడు. 1986లో ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ దాన్ని బయటపెట్టాడు. మరుసటి ఏడాది పాపాఫ్ దివాలా తీశాడు. తర్వాత మళ్లీ టీవీకెక్కి "అద్భుత జలం" ఉచితంగా పంచాడు. నీళ్ల వెనకే డబ్బు అడిగే ఉత్తరాలు వెళ్లాయి. పిన్నికి జరిగింది అచ్చం అదే! మన దేశంలోనూ పెద్ద కూటాలు పెట్టిన స్వస్థత బోధకుడు బెన్నీ హిన్ 2019లో, సువార్త అమ్మకానికి లేదని, ఇక ఫలానా మొత్తం విత్తమని అడగనని ప్రకటించాడు.

డబ్బు అడగని తియ్యటి బోధ విషయంలోనూ జాగ్రత్తగా ఉండండి. డిసెంబరు 31 రాత్రి చర్చిలో తీసుకునే వాగ్దాన కార్డుల్లో, దేవుడు మేలే ఉద్దేశించాడని చెప్పే యిర్మీయా 29:11 ఎంతమందికి వచ్చి ఉంటుందో. అది బబులోను చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం. డెబ్బై ఏళ్లు అక్కడే ఉండాలని దాని పై వచనమే చెబుతోంది. పాపం, మారుమనస్సు, సిలువ అన్న మాటలు నెలల తరబడి వినిపించని చోట, కష్టం వచ్చిన రోజున నిలబడే బలం మనకు ఎక్కడినుంచి వస్తుంది?

ఇక చేయాల్సినవి. మందులు మానమని ఎవరు చెప్పినా, ఎంత పెద్ద దైవజనుడైనా, ఆ నంబరు బ్లాక్ చేయండి. షుగరు, క్యాన్సరు లాంటి జబ్బులను మహిమతో తగ్గిస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి మాయా చికిత్సల ప్రకటనల చట్టం కింద నేరం. ఫోన్ కాల్ రికార్డులు, పేమెంటు స్క్రీన్‌షాట్లు తీసేయకండి. కానుక ఇవ్వాలనిపిస్తే మీ కళ్లముందు లెక్క చెప్పే మీ సంఘంలో ఇవ్వండి, లేదంటే మీ వీధిలోనే ఉన్న విధవరాలికి ఇవ్వండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ తీసుకుని ఈరోజే ఫోన్‌పే, గూగుల్ పేలో ఆటోపే చూడండి. "నెలవారీ భాగస్వామ్యం" అని వాళ్లకు తెలియకుండా ఏదైనా నడుస్తుంటే అక్కడే రద్దు చేయవచ్చు. పిన్ని ఫోన్‌లో అది కూడా ఉంది.