చదవాల్సిన నవలల దొంతరలో ముందు ఏది తియ్యడం మేలు?

నెల్లూరు, ఒంగోలు వైపు నవలలు కొనేవాళ్ల ఇళ్లలో దొంతర జనవరిలో ఒక్కసారిగా పెరుగుతుంది. విజయవాడ పుస్తక మహోత్సవం నుంచి సంచుల కొద్దీ వస్తాయి. పాత పుస్తకాల దుకాణంలో ఏరుకున్నవి, బంధువుల ఇల్లు సర్దినప్పుడు దొరికినవి వాటికి తోడవుతాయి. వీటిలో ముందు ఏది చదవాలన్నదానికి కొన్న వరసలో అని కొందరు, సన్నవి ముందు అని కొందరు, మనసు లాగింది ముందు అని ఎక్కువమంది అంటారు. ఎవరూ పట్టించుకోని పద్ధతి ఇంకొకటుంది. కాగితం పాడయ్యేదాన్ని ముందు చదవడం. మన కోస్తాలో ఉండేవాళ్లకు అదే మేలు.

కొన్న వరసలో చదివితే పాతవి అడుగున పడిపోవు. కానీ ఒక్క నవల అడ్డం తిరిగిందంటే వెనక ఉన్నవన్నీ ఆగిపోతాయి. అందుకని 50 పేజీల దాకా చూసి, సాగకపోతే పక్కన పెట్టెయ్యాలి. పెట్టేముందు ఒక చీటీ మీద పాత్రల పేర్లు, ఎవరికెవరు ఏమవుతారు, ఎక్కడ ఆపారు అన్నవి రాసి అందులో ఉంచండి. మూడు నెలల తర్వాత తీసినా మళ్లీ మొదటికి పోనక్కర్లేదు.

సన్నవి ముందు చదివితే లెక్క త్వరగా తగ్గుతుంది. రోజుకు 20 పేజీలు చదివేవాళ్లకు 140 పేజీల నవల వారంలో అయిపోతుంది. చివరికి 600 పేజీలవి మాత్రమే మిగులుతాయి, ఒక్కొక్కటీ నెల పడుతుంది, వారానికొకటి ముగించే అలవాటుకు అది ఓ పట్టాన లొంగదు. పైగా లావు పుస్తకాలను నిలబెడితే అట్ట నుంచి లోపలి కాగితం బరువుకు కిందికి జారి వెన్ను వదులవుతుంది కాబట్టి వాటిని పడుకోబెడతాం. దొంతరలో బరువైనవి అడుగున ఉండాలి, అడుగున ఉన్నది చేతికి రాదు. లావు నవలలు ఏళ్ల తరబడి అలాగే ఉండిపోవడానికి సగం కారణం ఇదే. దొంతరకు నాలుగైదుకు మించి పెట్టకండి, పొద్దున లావుది, రాత్రి సన్నది చొప్పున రెండూ కలిపి నడపండి.

మనసు లాగింది ముందు చదివేవాళ్లు పుస్తకం పూర్తి చేస్తారు, అది చిన్న విషయం కాదు. అయితే మనసు ఎప్పుడూ నిన్న కొన్నదాని మీదికే పోతుంది.

ఇక కాగితం సంగతి. 1970లు, 80లలో వచ్చిన చవక నవలలు చాలావరకు న్యూస్‌ప్రింట్ మీద అచ్చయినవే. కర్రను నూరి చేసే ఆ గుజ్జులో, కర్ర పోగులను పట్టి ఉంచే లిగ్నిన్ అనే పదార్థం అలాగే ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలేకొద్దీ అది పసుపెక్కి, ఆమ్లం పుట్టి, పొట్టి పోగులు తెగిపోతాయి. ఇప్పటి నవలలు ఎక్కువగా మ్యాప్‌లితో మీద వస్తున్నాయి. రసాయనాలతో లిగ్నిన్ చాలావరకు తీసేసిన కాగితం కాబట్టి దశాబ్దాలు నిలుస్తుంది. అన్నిటికన్నా నాజూకైనవి వారపత్రికల్లోంచి సీరియల్ పేజీలు చించి ఇంట్లో బైండు చేయించుకున్నవి. కాగితం న్యూస్‌ప్రింట్, కుట్టిన పిన్నులు ఇనుపవి. పిన్ను తుప్పు పట్టిన చోటు నుంచే పేజీ ఊడి వస్తుంది.

ఏది ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి చివర ఉన్న ఖాళీ పేజీ మూలను మెల్లగా వంచి వదలండి. తిరిగి లేస్తే ఫర్వాలేదు. మడత దగ్గర గీత పడి నిలిచిపోతే ఈ ఏడే చదవండి. విరిగి చేతికొస్తే వెంటనే మొదలుపెట్టండి. ఇలాంటివి చదివేటప్పుడు పుస్తకాన్ని బల్లపరుపుగా విప్పకుండా రెండు వైపులా దిండు ఎత్తు పెట్టండి. ఫాను నేరుగా తగిలితే పేజీలు రెపరెపలాడి అంచులు రాలిపోతాయి. వేలు తడి చేసి తిప్పకూడదు, గుర్తుకు మూల మడవకూడదు. సెల్లోటేపు అసలు వద్దు, దాని జిగురు కొన్నేళ్లకు గోధుమరంగు మరకై అక్షరాలను మింగేస్తుంది.

గడువు పెట్టేది వాన. నెల్లూరు ప్రాంతానికి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలే ఇస్తాయి. గాలిలో తేమ 65 శాతం దాటి కొన్ని రోజులు నిలిస్తే బూజు మొదలవుతుంది, బైండింగులోని గంజి జిగురుకు సిల్వర్‌ఫిష్ అనే పురుగు చేరుతుంది. కాబట్టి పాత న్యూస్‌ప్రింట్ నవలలు సెప్టెంబరు చివరికి అయిపోవాలి. ఫిబ్రవరి నుంచి అప్పటికి సుమారు 240 రోజులు. రోజుకు 20 పేజీలంటే 4,800 పేజీలు, 200 పేజీల నవలలైతే 24. అందులో సగం కొత్తవాటికి వదిలితే పాతవి పన్నెండు. జనవరిలో పాత పుస్తకాలు ఏరేటప్పుడు ఈ పన్నెండు గుర్తుంచుకుంటే చాలు.

రోహిణి కార్తెలో పుస్తకాలను ఎండకు పెట్టే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది. న్యూస్‌ప్రింటుకు అది చేటు, నీడలో గాలి ఆడితే సరిపోతుంది. పడమటి గోడకు బీరువా ఆనించినా వేసవి సెగకు పాత జిగురు పెళుసెక్కి, తెరిచిన చోటల్లా వెన్ను చీలుతుంది.

గ్రంథాలయం ఉండగా ఈ తంటా ఎందుకంటారా? నెల్లూరు, ఒంగోలు జిల్లా కేంద్ర గ్రంథాలయాల్లో దొరికే నవలైతే మీ ప్రతి ఆగినా నష్టం లేదు. వాళ్ల గడువు తేదీ మీచేత పూర్తి చేయిస్తుంది కూడా. కానీ పునర్ముద్రణ లేని పాత నవల, బైండు చేసిన సీరియల్ అలా దొరకవు. మీ బైండులో ఒక వారం పేజీలు పోయి ఉంటే ఆశ పెట్టుకోదగ్గ చోటు వేటపాలెం సారస్వత నికేతనం. 1918లో మొదలైన ఆ గ్రంథాలయం ఊరితో సహా 2022 దాకా ప్రకాశం జిల్లాలోనే ఉండేది. పాత పత్రికలను భద్రం చేసినందుకే దానికి పేరు. ఏ పత్రిక, ఏ నెల, ఏ సంవత్సరం అన్నది రాసుకుని వెళ్లండి.

అక్టోబరుకు ఇంకా మిగిలిపోయిన పాతవాటిని పాలిథిన్ కవరులో బిగించకండి, లోపలి తేమ బయటికి పోదు. ఉతికిన నూలు గుడ్డలో చుట్టి, గోడకు రెండంగుళాలు ఎడంగా ఉన్న బీరువాలో పై అరలో పెట్టండి. 2015, 2021 నవంబరు వరదలు చూసిన ఊళ్లలో కింది అర లెక్కలోకి రాదు. కలరా ఉండలు గుడ్డమూటలో కట్టి మూలన పెట్టాలి, అట్టకు తగలకూడదు, పడుకునే గదిలో అయితే మానెయ్యాలి. వేపాకు పెడితే గలగలమనేంత ఎండినదే పెట్టండి, పచ్చి ఉంటే మరక దిగుతుంది. వాన పడుతున్న ఆ మూడు నెలలూ మ్యాప్‌లితో మీద అచ్చయిన లావు నవలలు తియ్యండి, అవి తట్టుకుంటాయి.