స్కూలు బేస్‌బాల్, ట్రావెల్ జట్టు: ఎనిమిదేళ్ల తర్వాత ఒక తల్లి సమీక్ష

మా పెద్దబ్బాయి తొమ్మిదో ఏట మొదటిసారి ట్రావెల్ జట్టు చొక్కా తొడుక్కున్నాడు. ఈ జూన్‌లో పదకొండో తరగతి పూర్తి చేశాడు. ఈ ఎనిమిదేళ్లలో మొదటి మూడేళ్లు ట్రావెల్ జట్టు ఒక్కటే, ఏడో తరగతి నుంచి దానికి తోడు స్కూలు జట్టు. మేముండేది న్యూజెర్సీ మధ్య భాగంలో. చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నా, పిల్లలు ఎక్కువగా క్రికెట్, టెన్నిస్, ఈత వైపు వెళుతుంటారు కాబట్టి, బేస్‌బాల్ గురించి అడుగుదామంటే మనవాళ్లలో తెలిసినవారెవరూ నాకు దొరకలేదు. ఇప్పుడు ఆ దారిలో అడుగుపెడుతున్న తల్లిదండ్రులు నన్ను అడుగుతున్నారు గనుక చూసింది చూసినట్టు రాస్తున్నాను. నా తీర్పు ముందే చెప్పేస్తాను. రెండు జట్లలోనూ ఆడించవచ్చు, రెండింటివల్లా మావాడు బాగుపడ్డాడు. కానీ ఆ రెండు జట్లనూ కలిపి లెక్క చూసే మనిషి బయట ఎవరూ ఉండరు. ఆ పని ఇంట్లోవాళ్లు చేయకపోతే పిల్లవాడి చేయి దెబ్బతింటుంది. మావాడి చేయి దెబ్బతింది.

తెలియనివారి కోసం ఒక మాట. ట్రావెల్ జట్టంటే ప్రైవేటు క్లబ్బు. ఆగస్టులో ట్రయౌట్లు పెట్టి పిల్లలను ఎంచుకుంటారు, ఏడాదికి రుసుము తీసుకుంటారు, వారాంతాల్లో వేరే ఊళ్లకు వెళ్లి టోర్నమెంట్లు ఆడతారు. శనివారం రెండు ఆటలు, ఆదివారం గెలిచినకొద్దీ ఇంకో రెండో మూడో. స్కూలు జట్టు సాధన మార్చి మధ్యలో, మైదానం పక్కన ఇంకా మంచు కుప్పలు ఉండగానే మొదలవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో వారం మధ్యలో సాయంత్రం నాలుగింటికి ఆటలు జరుగుతాయి. అంటే మాధ్యమిక పాఠశాల వయసులో సరిగ్గా ఏప్రిల్, మే నెలల్లోనే రెండు జట్లూ ఒకేసారి నడుస్తాయి. ఇబ్బందంతా ఆ రెండు నెలల్లోనే ఉంది.

ట్రావెల్ జట్టు మాకు ఇచ్చింది తక్కువేమీ కాదు. తొమ్మిదేళ్ల పిల్లవాడికి బేస్ మీద నుంచి ఎప్పుడు కదలాలో, దూరం నుంచి వచ్చే కట్‌ఆఫ్ త్రోను మధ్యలో ఎవరు అందుకోవాలో, రెండు స్ట్రైక్‌ల తర్వాత (మూడోది పడితే ఔటే) బ్యాట్‌ను ఎంత పైకి పట్టుకోవాలో అంత ఓపికగా నేర్పినవారిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆరో తరగతి అయిన వేసవిలో జట్టంతా న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌కు వెళ్లి వారం రోజులు ఆడింది. 1939లో తెరిచిన బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న ఊరది. ఆ వారం పిల్లలందరూ బంక్ మంచాల మీద ఒకేచోట పడుకున్నారు. అప్పటిదాకా ఇంట్లో తప్ప అన్నం తినని మావాడు అక్కడ పెట్టిందల్లా తిని వచ్చాడు. ఖర్చు మాత్రం ఎక్కువే. మొదటి ఏడాది రుసుము 2,800 డాలర్లు, పదమూడో ఏటికి 3,600. హోటళ్లు, పెట్రోలు, బ్యాట్లు దీనికి అదనం.

స్కూలు జట్టుకు మేము కట్టింది దాదాపు ఏమీ లేదు. శిక్షణలో ట్రావెల్ జట్టుకు సాటిరాదు; మావాడి మొదటి కోచ్ సైన్సు పాఠాలు చెప్పే మాస్టారు, ఆట మీద ప్రేమ తప్ప పెద్ద అనుభవం లేనివారు. అయినా స్కూలు జట్టులో ఆడిన రోజుల్లో మావాడి ముఖం వేరేగా ఉండేది. పొద్దున క్లాసులో పక్కన కూర్చున్నవాడే సాయంత్రం షార్ట్‌స్టాప్‌లో (రెండో, మూడో బేస్‌ల మధ్య) నిలబడతాడు, మర్నాడు భోజనాల గదిలో అందరూ నిన్నటి ఆట గురించే మాట్లాడతారు. ట్రావెల్ జట్టులో పిల్లలు ఏటా మారిపోతుంటారు. స్కూలు జట్టులోని స్నేహితులు ఇప్పటికీ మా ఇంటికి వచ్చి దోసెలు తింటారు. ఇండియా నుంచి వచ్చినప్పుడు మా నాన్నగారు చూసినవి కూడా స్కూలు ఆటలే. ఫీల్డర్లందరికీ చేతికి గ్లవుజులెందుకని మొదట అడిగారు, మూడో ఆటకల్లా ఎక్కడ కర్వ్ (వంపు తిరిగే బంతి) పడిందో నాకు చూపించడం మొదలుపెట్టారు.

ఇక ఎనిమిదో తరగతి ఏప్రిల్‌లో జరిగింది చెప్పాలి. మావాడు పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి వేసేవాడు), క్యాచర్ (బ్యాటర్ వెనక కూర్చుని ఆ బంతి పట్టేవాడు) కూడా. గురువారం స్కూలు ఆటలో 58 బంతులు వేశాడు. శనివారం ట్రావెల్ జట్టుకు ఒక పూర్తి ఆట క్యాచర్‌గా కూర్చున్నాడు. ఆదివారం పొద్దున సెమీఫైనల్‌లో అసలు పిచ్చర్ అలసిపోతే కోచ్ మావాణ్ణి పిలిచి, చేయి ఎలా ఉందని అడిగారు. బాగుందన్నాడు. మూడు ఇన్నింగ్స్‌లో (ఇక్కడ మూడు ఔట్లకే జట్టు వంతు ముగుస్తుంది) 47 బంతులు వేశాడు, ఆట గెలిచారు, అందరం చప్పట్లు కొట్టాం. సోమవారం పొద్దున ఫ్రిజ్‌లోంచి పాల డబ్బా కుడిచేత్తో అందుకోబోయి, మధ్యలో ఆగి, ఎడమ చేతికి మార్చుకున్నాడు. ఆ ఒక్క కదలిక చూశాకే నాకు అర్థమైంది. ఎక్స్‌రేలో మోచేతి లోపలి వైపు ఎముక దగ్గర గ్రోత్ ప్లేట్ (పిల్లల్లో ఎముక ఎదిగే మెత్తటి భాగం) వెడల్పైనట్టు కనిపించింది. ఆరు వారాలు బంతి విసరకూడదన్నారు, ఆ తర్వాత కొద్దికొద్దిగా దూరం పెంచుకుంటూ మళ్లీ మొదలుపెట్టాలన్నారు. రెండు జట్లలోనూ ఆ వసంతం అంతటితో ముగిసింది. డాక్టరు దగ్గర్నుంచి వస్తూ కారులో అడిగితే వాడు చెప్పింది ఇదీ: "నొప్పి అంటే వచ్చే వారం నాకు బంతి ఇవ్వరేమో అనుకున్నానమ్మా."

ఆ కోచ్‌లను నేను నిందించను. గురువారం ఎన్ని బంతులు పడ్డాయో ఆదివారం కోచ్‌కు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సింది నేనే. కానీ చెప్పడానికి నాకే లెక్క తెలియదు. మేజర్ లీగ్ బేస్‌బాల్ (ఇక్కడి ప్రొఫెషనల్ లీగ్), యూఎస్ఏ బేస్‌బాల్ (దేశ బేస్‌బాల్ సంఘం) కలిసి 2014లో విడుదల చేసిన పిచ్ స్మార్ట్ సూచనలను నేను ఆ తర్వాతే చదివాను. 13, 14 ఏళ్ల పిల్లలు ఒక రోజులో 95 బంతులకు మించి వేయకూడదు. 20 లోపు వేస్తే విశ్రాంతి అక్కర్లేదు, 21 నుంచి 35 వేస్తే ఒక రోజు, 50 దాకా రెండు రోజులు, 65 దాకా మూడు రోజులు, 66 దాటితే నాలుగు రోజులు చేతికి విశ్రాంతి ఇవ్వాలి. అంటే గురువారం 58 వేసినవాడు సోమవారం దాకా మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) ఎక్కకూడదు. పిచ్చర్‌గా ఉన్నవాడు క్యాచర్‌గా కూడా ఆడటం మంచిది కాదనీ, ఒకే సమయంలో ఒకటికి మించిన జట్లకు ఆడకుండా ఉండటం మేలనీ అందులోనే ఉంది. క్రికెట్‌లో కుర్ర ఫాస్ట్ బౌలర్‌కు ఓవర్ల లెక్క ఎలాగో, ఇక్కడ పిచ్చర్‌కు బంతుల లెక్క అలాగే.

ఎదిగే పిల్లల్లో లిగమెంట్ (ఎముకలను కలిపి ఉంచే పట్టీ) కంటే గ్రోత్ ప్లేట్ బలహీనం కాబట్టి ముందు అది దెబ్బతింటుంది. ఎముక ఎదుగుదల పూర్తయ్యాక అదే ఒత్తిడి లిగమెంట్ మీద పడుతుంది. దాన్ని సరిచేసే ఆపరేషన్‌ను 1974లో డాక్టర్ ఫ్రాంక్ జోబ్ లాస్ ఏంజెలిస్ డాడ్జర్స్ జట్టు పిచ్చర్ టామీ జాన్‌కు తొలిసారి చేశారు, టామీ జాన్ పేరే దానికి నిలిచిపోయింది. అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఉన్న అమెరికన్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మోచేతికో భుజానికో ఆపరేషన్ అవసరమైన కుర్ర పిచ్చర్లను, గాయం కానివారితో పోల్చి 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడాదిలో ఎనిమిది నెలలకు మించి పిచ్ చేసినవారు ఆపరేషన్ దాకా వెళ్లే అవకాశం ఐదు రెట్లు ఎక్కువ. చేయి అలసిపోయినా తరచూ వేస్తూ పోయినవారికి 36 రెట్లు. ఆ రెండో అంకె చదివినప్పుడు నాకు కారులో మావాడు చెప్పిన మాటే గుర్తొచ్చింది.

ఆ వేసవిలో నోట్‌బుక్ మొదలుపెట్టాను. మా అమ్మ హైదరాబాద్ నుంచి తెచ్చిన రెండు వందల పేజీల పొడవాటి పుస్తకమది. తేదీ, జట్టు, ఆటలో వేసిన బంతులు, ఆటకు ముందు సాధనలో వేసినవి, క్యాచర్‌గా కూర్చున్న ఇన్నింగ్స్, చివరన ఎర్ర సిరాతో మళ్లీ మౌండ్ ఎక్కగల రోజు, ఇవీ అందులోని గళ్లు. ఆటలో నొక్కుతూ లెక్కపెట్టే క్లిక్కర్ ఒకటి కొన్నాను. ఏ ఆట అయినా ముగిసిన రాత్రే ఇద్దరు కోచ్‌లకూ ఒకే సందేశం పంపేదాన్ని: ఎన్ని వేశాడు, మళ్లీ ఏ రోజు వేయవచ్చు. స్కూలు మాస్టారు వెంటనే ధన్యవాదాలు చెప్పారు. ట్రావెల్ కోచ్‌కు మొదట నచ్చలేదు, రెండు వారాంతాలు మావాడు బెంచీ మీదే గడిపాడు. తర్వాత ఆయనే మిగతా పిల్లల తల్లిదండ్రులను కూడా లెక్క పంపమన్నారు. కొన్ని టోర్నమెంట్లు బంతులను కాకుండా ఇన్నింగ్స్‌ను మాత్రమే లెక్కిస్తాయని గుర్తుంచుకోండి. మూడు ఇన్నింగ్స్ 30 బంతుల్లోనూ అవుతాయి, 70లోనూ అవుతాయి, చేతికి మాత్రం ఆ తేడా తెలుస్తుంది.

హైస్కూల్లో, అంటే తొమ్మిదో తరగతి నుంచి, పరిస్థితి కొంత తేలిక. దేశవ్యాప్త హైస్కూలు సమాఖ్య నిర్ణయంతో 2017 నుంచి ప్రతి రాష్ట్ర సంఘానికీ బంతుల పరిమితి ఉండి తీరాలి; న్యూజెర్సీలో అది రోజుకు 110. ఆ నియమం స్కూలు ఆటలకే వర్తిస్తుంది, ఆదివారం క్లబ్బు ఆటకు కాదు. అయితే మా క్లబ్బు ఆ వయసు పిల్లలకు జూన్ దాకా ఆటలే పెట్టదు కాబట్టి వసంతం స్కూలుకు, వేసవి క్లబ్బుకు అని దానంతట అదే విడిపోయింది. క్లబ్బును ఎంచుకునేటప్పుడు రుసుము కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇదే. బ్యాట్ విషయంలో కూడా జాగ్రత్త పడాలి. చిన్న వయసు టోర్నమెంట్లలో చెల్లే తేలిక బ్యాట్లు హైస్కూల్లో చెల్లవు. 2012 నుంచి అక్కడ లోహపు బ్యాట్ మీద బీబీకోర్ ముద్ర (బంతి మరీ వేగంగా ఎగరకుండా బ్యాట్లకు పెట్టిన ప్రమాణం) తప్పనిసరి. 33 అంగుళాల బ్యాట్ 30 ఔన్సులకు తగ్గకూడదు. మేము ఎనిమిదో తరగతి మధ్యలో ఖరీదైన తేలిక బ్యాట్ కొని నష్టపోయాం.

చలికాలం గురించి నేను కాస్త గట్టిగానే చెబుతాను. న్యూజెర్సీలో నవంబరు నుంచి మార్చి దాకా బయట ఆడలేకపోవడం పిల్లల చేతులకు వరం లాంటిది. కానీ డిసెంబరు రాగానే షెడ్లలో పిచింగ్ పాఠాలు మొదలుపెడతారు, వెచ్చని రాష్ట్రాల పిల్లలు ఏడాదంతా ఆడుతున్నారు, మనవాళ్లు వెనకబడిపోతారని చెబుతారు. మేమూ మూడేళ్లు ఆ మాట నమ్మాం. ఇదే రాష్ట్రపు చలిలో, మిల్‌విల్ హైస్కూలు జట్టులో ఆడి మేజర్ లీగ్ తార అయిన మైక్ ట్రౌట్ 2009 డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లో 25వ ఎంపికగా ఏంజెల్స్ జట్టుకు వెళ్లాడు. అలాంటి ప్రతిభ అందరికీ ఉండదు, నిజమే. కానీ చలి అడ్డుపడలేదన్నది కూడా నిజమే. ఏటా కనీసం నాలుగు నెలలు బంతి విసరకూడదని, అందులో రెండు మూడు నెలలు వరసగా ఉండాలని పిచ్ స్మార్ట్ చెబుతోంది. తొమ్మిదో తరగతి నుంచి మావాడు ఆగస్టు నుంచి నవంబరు దాకా బంతి ముట్టడు. శరదృతువులో క్లబ్బు ఆటలు మానేసి స్కూలు క్రాస్‌కంట్రీ పరుగు జట్టులో చేరాడు. క్లబ్బులో చోటు పోతుందని భయపడ్డాం, పోలేదు. తర్వాతి వసంతంలో వాడి బంతి వేగం తగ్గలేదు సరికదా, ఆరో ఇన్నింగ్స్‌లో కూడా కాళ్లలో బలం మిగిలి ఉంది.

ఇంటి జీవితం సంగతి క్లుప్తంగా చెబుతాను. తెలుగు నేర్పే మనబడి తరగతులు వారాంతంలోనే ఉంటాయి, ఉగాది సరిగ్గా సీజన్ మొదలయ్యే రోజుల్లోనే వస్తుంది. రెండేళ్లు వాడి తెలుగు చదువు వెనకబడింది, అది నాకు ఇప్పటికీ లోటుగానే ఉంది. వారం మధ్యలో సాయంత్రం ఆరున్నరకు స్కూలు ఆట ముగిస్తే ఏడింటికి క్లబ్బు సాధన. కారు వెనక సీట్లో బూడిదరంగు ప్యాంటు విప్పి నీలం ప్యాంటు వేసుకుంటూ, స్టీలు డబ్బాలోని పెరుగన్నం నాలుగు ముద్దలు తిని దిగిపోయేవాడు. హోంవర్కు రాత్రి పది తర్వాతే. వారానికి రెండు రోజులు అలా గడిస్తే పిల్లవాడు తట్టుకుంటాడు, నాలుగు రోజులంటే తట్టుకోలేడు. ఈ మాట మాత్రం నేను ఏ పుస్తకమూ చూడకుండా చెప్పగలను.

కళాశాల ఆశలున్నవారికి ట్రావెల్ జట్టు అవసరమే. కళాశాల కోచ్‌లు ఎక్కువమంది పిల్లలను ఒకేచోట చూసేది వేసవి టోర్నమెంట్లలో. వసంతంలో వాళ్ల సొంత జట్ల ఆటలుంటాయి, మన స్కూలు మైదానానికి వచ్చే తీరిక వారికి తక్కువ. కానీ దీనికి పద్నాలుగు, పదిహేనేళ్ల తర్వాతి రెండు మూడు వేసవులు చాలు. పదేళ్ల పిల్లవాణ్ణి ఎవరూ చూడటానికి రారు.

మా చిన్నవాడికి ఇప్పుడు పదేళ్లు. వాడికి వేరే దారి ఎంచుకున్నాం: ఏడో తరగతి దాకా ఊరి లీగ్‌లో ఒక్క జట్టే, ఆ తర్వాత స్కూలు జట్టు మొదలైన ఏడాది ఏప్రిల్, మే నెలల్లో క్లబ్బు ఆటల్లో పిచింగ్ ఉండదు, కోచ్ ఫస్ట్ బేస్‌లో నిలబెడతానంటేనే వెళ్తాడు. చేరేముందే ఈ షరతు కోచ్‌తో మాట్లాడి ఒప్పించాం. నోట్‌బుక్ సగం ఖాళీగా ఉంది. పెద్దవాడి గళ్లు ఈ ఏడాది నుంచి వాడే రాసుకుంటున్నాడు, చిన్నవాడి పేరుతో వెనక వైపు నుంచి కొత్త పేజీ తెరిచాను.