జాగ్రత్త: ఆర్32నా ఆర్33నా అని తేల్చుకునే ముందు ఆక్షన్ షీట్ అడగండి

డాలస్ చుట్టుపక్కల పాత నిస్సాన్ స్కైలైన్ జీటీ-ఆర్ కోసం చూస్తున్న మనవాళ్ళకి ఈ పోస్టు. జపాన్ నుంచి కార్లు దింపి అమ్మే ఒక డీలర్ దగ్గర నా అడ్వాన్సు 2,000 డాలర్లు ఇరుక్కుపోయాయి. పేరు రాయట్లేదు. అతను చేసిన పనులు మాత్రం చెబుతాను, ఇంకో చోట మీకూ ఎదురుకావచ్చు.

జీటీ-ఆర్‌లలో ఆర్32 మోడల్, దాని తర్వాత వచ్చిన ఆర్33 మోడల్ పక్కపక్కనే పెట్టాడు. ఏమడిగినా మాట ఆ రెండింటి పోలిక మీదకే తిప్పేవాడు. ఆర్32 అంటే 1991, 1992లో ఆస్ట్రేలియాలోని బాథర్స్ట్ రేసు గెలిచి గాడ్జిల్లా అని పేరు తెచ్చుకున్న బండి, ఆర్33 బరువెక్కువ అంటాడు. అందులో అబద్ధమేమీ లేదు. రెండింటిలోనూ అదే 2.6 లీటర్ల ట్విన్ టర్బో ఆర్‌బీ26 ఇంజన్, అదే ఆల్ వీల్ డ్రైవ్. కానీ తొలి ఆర్32లలో ఆయిల్ పంపుని తిప్పే క్రాంక్‌షాఫ్ట్ అంచు మరీ సన్నం. అక్కడ పంపు పగిలితే ఇంజన్ పోయినట్టే. ఆర్33కి దాన్ని వెడల్పు చేశారు, బ్రెంబో కంపెనీ బ్రేకులు ఫ్యాక్టరీ నుంచే ఇచ్చారు. నన్నడిగితే తోలుకోవడానికి ఆర్33యే మేలు, పేరు కోసమైతే ఆర్32. ఈ వాదనలో పడితే గంటలు తెలియవు, కాగితాల సంగతి మాత్రం పక్కకు పోతుంది. అతనికి కావలసింది అదే.

నేను ఆర్32కే అడ్వాన్సు ఇచ్చాను. మీటరు మీద 82 వేల కిలోమీటర్లు. "హిస్టరీ రిపోర్ట్ క్లీన్ సార్" అని ప్రింటవుట్ చూపించాడు. జపాన్‌లో అమ్మిన కార్లకి ఇక్కడి కార్లకుండే 17 అక్షరాల, అంకెల గుర్తింపు నంబరు (విన్) ఉండదు, కాబట్టి ఇక్కడి రిపోర్టుకి అక్కడి సంగతులు తెలియవు. అది క్లీన్‌గా ఉండక ఏం చేస్తుంది! ఇంజన్ వెనక ఫైర్‌వాల్ మీద కొట్టి ఉన్న ఛాసిస్ నంబరు తీసుకుని, డబ్బు కట్టి పాత ఆక్షన్ షీట్, అంటే జపాన్ వేలంలో బండిని పరీక్షించి రాసిన కాగితం, తెప్పించాను. అందులో 1,46,000 కిలోమీటర్లు, గ్రేడు ఆర్. అంటే యాక్సిడెంటయి రిపేరు చేసిన బండి.

తర్వాత చిన్న అయస్కాంతం పట్టుకెళ్ళాను. ఈ కారు బానెట్, ముందు ఫెండర్లు అల్యూమినియం, అక్కడ అంటకపోవడం మామూలే. వెనక చక్రం పైన మాత్రం ఇనుమే, అంటాలి. అక్కడా జారి కింద పడింది. రంగు కింద అంతా పుట్టీయే! ఆర్32లకి తుప్పు మొదలయ్యే చోట్లలో అదొకటి.

అడిగితే "మీటరు జపాన్‌లోనే మార్చారు" అన్నాడు. అడ్వాన్సు వెనక్కివ్వమంటే అది హోల్డ్ ఫీజట, తిరిగి ఇవ్వడట. రసీదులో డిపాజిట్ అని తప్ప ఇంకేమీ లేదు.

ఛాసిస్ నంబరు ముందే అడగండి. ఆర్32 జీటీ-ఆర్ అయితే బీఎన్ఆర్32 అని, ఆర్33 అయితే బీసీఎన్ఆర్33 అని మొదలవ్వాలి. హెచ్‌సీఆర్32 అని ఉంటే అది జీటీ-ఆర్ బ్యాడ్జి తగిలించిన మామూలు స్కైలైన్. నంబరు ఫోటో పంపడానికి నసిగితే ఇంకో బండి చూసుకోండి. అడ్వాన్సు క్రెడిట్ కార్డు మీదే ఇవ్వండి, జెల్ (Zelle) యాప్‌లో డబ్బు పంపొద్దు. రసీదు మీద రీఫండబుల్ అని రాయించుకోండి. నేను కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో డిస్ప్యూట్ వేశాను, ఇంకా తేలలేదు. ఆ బండి మాత్రం అదే 82 వేలతో ఇప్పటికీ అమ్మకానికి ఉంది.