ముందు 3, వెనక 3: మూడేళ్ల తర్వాత మా స్విఫ్ట్ స్ప్రింగుల సంగతి

మా పెట్రోలు స్విఫ్ట్‌కి ఇప్పుడున్న స్ప్రింగులు వేయించి 3 ఏళ్లయింది, 42,000 కిలోమీటర్లు దాటింది. ముందు మిల్లీమీటరుకు 3 కిలోలు, వెనకా అంతే. అంటే స్ప్రింగు ఒక మిల్లీమీటరు కుంగడానికి 3 కిలోల బరువు పడాలి. వీటికంటే ముందు ఇంకో సెట్టు వేయించి, ఏడు నెలలు ఇంటిల్లిపాది చేతా తిట్లు తిని తీసేశాను. డబ్బు దండగైంది అక్కడే కాబట్టి ముందు ఆ సంగతి చెప్తాను.

బండికి రోజూ ఉండే పని పాలకొల్లు నుంచి చించినాడ వంతెన దాటి రాజోలు వైపు రొయ్యల చెరువులకు వెళ్లి రావడం. హైవే కొంతే, మిగతాదంతా కాలవ గట్లు, పుంతరోడ్లు. రేగడి నేల వానకి ఉబ్బుతుంది, ఎండకి బిగుస్తుంది. ఎంత కొత్త తారైనా రెండో ఏడాదికి అలలు తేలిపోతుంది. డిక్కీలో రెండు మూడు మేత బస్తాలు ఎప్పుడూ ఉంటాయి. ఆదివారం పొద్దున్న మాత్రం వేరే సరదా. మా స్నేహితుడి బాబాయిగారి ఉప్పుడు బియ్యం మిల్లులో పాత సిమెంటు కళ్లం ఉంది. డ్రయ్యర్లు వచ్చాక అక్కడ వడ్లు ఆరబోసే పని లేదు. ఆయన్ని అడిగి కోన్లు పెట్టుకుని, హెల్మెట్లు తగిలించుకుని, ఒక్కొక్క బండినీ టైము చూసుకుంటూ తిప్పుతాం. ఆటోక్రాస్ అంటున్నాం గానీ రెండో గేరు దాటే చోటే లేదు.

కంపెనీ స్ప్రింగులతో కోన్ల మధ్య బండి బాగా ఒరిగేది. స్ప్రింగు ఎంత గట్టిదైతే బండి అంత చురుకు అనుకుని ముందు 5, వెనక 4 కిలోల సెట్టు కొన్నాను. కళ్లంలో నా మంచి టైము 36.2 సెకన్ల నుంచి 36.5కి పెరిగిపోయింది! సిమెంటు పలకల అతుకుల మీద ముందు చక్రాలు గెంతుతున్నాయి. గెంతిన చక్రానికి పట్టు ఉండదు కదా, స్టీరింగు తిప్పినా ముక్కు తిన్నగా పోయేది. ఇక గట్టు మీద సంగతి చెప్పక్కర్లేదు. మా అమ్మ రాజోలు నుంచి తిరిగొస్తూ సగం దారిలో, "ఒరేయ్, ట్రాక్టరు తొట్టే నయంరా, ఆపు, ఆటోలో వస్తాను" అంది. నిజంగానే దిగిపోయింది.

అప్పటికి గానీ లెక్క వేయాలని బుద్ధి పుట్టలేదు. మిల్లు కాటా మీద బండి తూస్తే 980 కిలోలు, అందులో ముందు చక్రాల మీద 610, వెనక 370. కంపెనీ స్ప్రింగుల్ని లేతు షాపులో ప్రెస్సు కింద కాటా పెట్టి 50 మిల్లీమీటర్లు నొక్కితే ముందుది 110 కిలోలు చూపించింది, వెనకది 105. అంటే 2.2, 2.1.

అసలు తిరకాసు తర్వాత తెలిసింది. వెనక స్ప్రింగు చక్రం దగ్గర లేదు, ఇరుసు చేతి మీద కాస్త ముందుకి ఉంది. జాకీతో చక్రాన్ని 50 మిల్లీమీటర్లు లేపితే స్ప్రింగు 40 మాత్రమే కుంగింది. అది 0.8. స్ప్రింగు కుంగడమూ, చక్రానికి అందే బలమూ రెండూ ఆ మేరకే తగ్గుతాయి కాబట్టి దాన్ని దానితోనే గుణించాలి, 0.64. అంటే వెనక 3 కిలోల స్ప్రింగు వేసినా చక్రానికి అందేది 2 కిలోల లోపే. ముందు స్ట్రట్‌కి, అంటే స్ప్రింగూ షాకబ్జారూ ఒకటిగా ఉండే కాడకి, ఈ నష్టం తక్కువ, పదో వంతు పోతుందంతే. పెట్టె మీద అంకె చూసి స్ప్రింగు కొనేవాళ్లు తప్పు చేసేది ఇక్కడే. నేనూ అదే చేశాను.

చక్రాల బరువు తీసేసి, పైన మోసే బరువుతో లెక్క కడితే, 5 కిలోల స్ప్రింగుతో ముందు భాగం సెకనుకు 2 సార్లు ఊగుతుంది. ఇంట్లోవాళ్లు కూర్చునే బండికి ఒకటి నుంచి ఒకటిన్నర దాకా ఉంటే హాయి. 3 కిలోలకి ముందు దాదాపు 1.6 వచ్చింది, వెనక 1.75. వెనకది ఎక్కువ కదా అని మొదట భయపడ్డాను. కానీ అది ఖాళీ బండి లెక్క. వెనక ముగ్గురు కూర్చుని డిక్కీలో బస్తాలు పడితే అదే 1.4కి దిగుతుంది. కంపెనీ స్ప్రింగులతో అదే బరువుకి బండి వెనక్కి కూలబడి హెడ్‌లైట్లు కొబ్బరి చెట్ల మొవ్వుల్ని చూసేవి. మేత బస్తాల కోసం కావాల్సిన గట్టిదనమే కోన్ల దగ్గరా పనికొచ్చింది. ముందు చక్రాలతో నడిచే బండిలో వెనక కాస్త బిగిస్తే ముక్కు తేలిగ్గా తిరుగుతుంది. బిగువు మలుపులో వెనక లోపలి చక్రం నేల వదులుతుంది. మొదటిసారి చూసి మిల్లు వాచ్‌మన్ కేకేశాడు.

ఇప్పుడు నా మంచి టైము 35.1. అందులో సగం చెయ్యి తిరగడం వల్లే అయ్యుంటుంది, టైర్ల గాలి సరిగ్గా చూసుకోవడం వల్ల ఇంకొంత.

చుట్లు కోయించే ఆలోచన ఉంటే మానుకోండి. నన్నూ ఒక మెకానిక్కు "ఒకటిన్నర చుట్టు కోసేస్తానండి, సరిపోద్ది, ఆయ్" అన్నాడు. పనిచేసే చుట్లు ఆరుంటే ఒకటి కోస్తే గట్టిదనం 20 శాతం పెరిగే మాట నిజమే. కానీ స్ప్రింగు పొట్టిదై, కుంగడానికి చోటు తగ్గి బండి బంప్ స్టాపుల మీద, అంటే కుంగుడు చివర తగిలే రబ్బరు దిమ్మల మీద, కూర్చుంటుంది. జాకీ ఎత్తినప్పుడు స్ప్రింగు వదులై గూట్లోంచి జారుతుంది కూడా.

లోపాలూ ఉన్నాయి. షాకబ్జార్లు మార్చకుండా స్ప్రింగులే వేయించాను. పాతవి 18,000 కిలోమీటర్లకే ఆయిలు కక్కాయి. ఆలోపు గట్టు మీద గోతిలో పడితే బండి ఆగకుండా రెండు మూడు సార్లు ఊగేది. కాస్త గట్టి షాకబ్జార్లు వేశాకే ఈ స్ప్రింగుల అసలు గుణం తెలిసింది. రెండూ ఒకేసారి వేయిస్తే మజూరీ కూడా ఒక్కసారే అయ్యేది. చెరువుల ఉప్పునీటికి రెండో వర్షాకాలంలోనే రంగు పొరలూడి తుప్పు పట్టింది. ఇప్పుడు వారానికోసారి మంచినీళ్లతో కింద కడుగుతున్నాను. వెనక రబ్బర్లు చలికాలం పొద్దున్నే కీచుమంటాయి, మందు దొరకలేదు.

వానలో జాగ్రత్త. పోయిన ఏడు చేపల లారీ నీళ్లు కార్చుకుంటూ పోయిన మలుపులో యాక్సిలరేటరు ఠక్కున వదిలాను. వెనక భాగం పక్కకి తిరిగి కాలవ వైపు చూసింది. కంపెనీ స్ప్రింగులతో అలా ఎప్పుడూ కాలేదు. వానాకాలం వెనక టైర్లు అరిగినవి ఉంచకండి.

మళ్లీ చేయిస్తే ముందు 2.8 అడుగుతాను, ఖాళీ బండితో పుంతరోడ్డు మీద ఇంకాస్త నయంగా ఉంటుంది. వెనకది మార్చను. మా అమ్మ ఇప్పుడు రాజోలు దాకా కూర్చుంటోంది, నిద్ర కూడా పోతోంది. పాత 5 కిలోల సెట్టు మేడ మెట్ల కింద అలాగే ఉంది. కొంటామని ఇద్దరు వచ్చారు. రోజూ ఏ రోడ్డు మీద తిరుగుతారని అడిగితే ఇద్దరూ కాలవ గట్టే అన్నారు. అమ్మలేదు.