దాక్కున్న వైరస్‌ను పట్టాలంటే రెండో వైరస్: అడ్డుకునే జతా, ఎగదోసే జతా, ఏది మేలు?

కొన్ని వైరస్‌లు ల్యాబ్ ఫ్లాస్క్‌లో పెంచే కణాల్లో చేరి బాగానే పెరుగుతాయి కానీ వాటిని చంపవు, మైక్రోస్కోప్ కింద ఫ్లాస్క్ మొత్తం ఆరోగ్యంగానే కనిపిస్తుంది. పందుల (క్లాసికల్) స్వైన్ ఫీవర్ వైరస్, రుబెల్లా వైరస్ చాలా రకాల కణాల్లో ఇలాగే ఉంటాయి. పీసీఆర్ లేని రోజుల్లో వీటిని బయటపెట్టడానికి అదే కణాల మీద ఇంకో వైరస్‌ను వేసేవాళ్లు.

1962లో పార్క్‌మన్, బ్యూషర్, ఆర్టెన్‌స్టీన్ అనే పరిశోధకులు రుబెల్లాను పట్టింది ఇలాగే. ఆఫ్రికన్ గ్రీన్ మంకీ కిడ్నీ కణాల్లో రోగి నమూనా వేసి, కొన్ని రోజులాగి ఎకోవైరస్ 11 వేశారు. మామూలుగా అది కణాలను చంపేస్తుంది, రుబెల్లా ముందే తిష్ట వేసి ఉంటే మాత్రం చంపలేదు. గొప్ప ఆలోచనే, కానీ ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది: కణాలు బతికాయంటే రుబెల్లా వల్లే అనలేం, వేసిన ఎకోవైరస్ బలం తగ్గి ఉన్నా, నమూనాలో వేరే వైరస్ ఉన్నా అలాగే బతుకుతాయి.

రెండో దారి దీనికి పూర్తిగా తిరగేసింది: ఇక్కడ దాక్కున్న వైరస్ రెండోదాన్ని అడ్డుకోదు, ఎగదోస్తుంది. 1958లో జపాన్‌లో కుమగాయ్ బృందం స్వైన్ ఫీవర్ వైరస్ ఉన్న పంది కణాల మీద న్యూకాజిల్ వైరస్ వేసింది, అంటే మన కోళ్లకు కొక్కెర తెగులు తెచ్చేదే. పంది కణాల్లో ఇది ఒంటరిగా పెద్దగా రెచ్చిపోలేదు, ఇంటర్‌ఫెరాన్ ఆపేస్తుంది, అంటే వైరస్ సోకిన కణం బయటికి వదిలి పక్క కణాలనూ కాపాడే ప్రొటీన్. కానీ స్వైన్ ఫీవర్ వైరస్‌లోని ఎన్‌ప్రో అనే ప్రొటీన్, ఇంటర్‌ఫెరాన్ తయారీకి కావలసిన ఐఆర్ఎఫ్3 అనే కణంలోని ప్రొటీన్‌ను నాశనం చేయిస్తుంది. ఇక అడ్డు లేదు, కణాలు కళ్లముందే చచ్చిపోతాయి.

ఇదే న్యూకాజిల్ వైరస్‌ను రుబెల్లా ఉన్న కోతి కిడ్నీ కణాల మీద వేస్తే కథ మారిపోతుంది! 1965లో మార్కస్, కార్వర్ అలా వేసి, పైన ఎర్ర రక్తకణాలు పోశారు. న్యూకాజిల్ పెరిగిన చోటల్లా అవి అంటుకుంటాయి, రుబెల్లా ఉన్న చోట మాత్రం ఖాళీ మచ్చలు మిగిలాయి. పక్క కణాలకు ఆ రక్షణ లేదు కాబట్టి ఇది ఇంటర్‌ఫెరాన్ పని కాదు, రుబెల్లా సోకిన కణం లోపలే జరుగుతున్న అడ్డు. ఆ మచ్చలను లెక్కపెడితే వైరస్ ఎంత ఉందో కూడా తెలుస్తుంది.

వైరస్ ఉందా లేదా తేల్చడమే పని అయితే నా ఓటు ఎగదోసే పద్ధతికే, ఎందుకంటే కణాలు చావడం కంటికి కనబడే సాక్ష్యం. లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే మాత్రం మార్కస్, కార్వర్ పద్ధతికి సాటి లేదు. అయితే ఎగదోసే పద్ధతిని గుడ్డిగా నమ్మొద్దు: పశువులకు విరేచనాలు తెచ్చే బీవీడీ వైరస్ కూడా న్యూకాజిల్‌ను అలాగే ఎగదోస్తుంది, అది కణాలు పెంచడానికి వాడే దూడ సీరంతోనే వచ్చి చేరుతుంటుంది. అందుకే నమూనా వేయని ఫ్లాస్క్ ఒకటి పక్కన తప్పనిసరి, పాజిటివ్ వచ్చినదాన్ని స్వైన్ ఫీవర్ యాంటీసీరంతో (ఆ వైరస్‌ను అడ్డే యాంటీబాడీలున్న సీరం) ఆపి చూడాల్సిందే. ఇంకోటి, జపాన్‌లో వ్యాక్సిన్‌గా వాడిన జీపీఈ మైనస్ అనే స్వైన్ ఫీవర్ వైరస్ స్ట్రెయిన్ న్యూకాజిల్‌ను ఎగదోయదు, కాబట్టి అది ఈ పరీక్షకు అసలు దొరకదు.